మిద్దె మీది ఎండ లెక్క

వేలూరులో కత్తిరి, అంటే మండు వేసవి రోజులు, మొదలైతే మనం తిట్టేది ఎండనే. మే నెలలో 42 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. చుట్టూ రాతి కొండలు, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే పాలారు. అన్నీ నిజమే. కానీ మన తాతలూ ఈ ఎండలోనే బతికారు. మే నడుమ గుడియాత్తం గంగమ్మ సిరసు జాతరలో మనమూ గంటల తరబడి ఎండలో నిలబడతాం. నిలబడలేనిది రాత్రి పదకొండుకి మన పడకగదిలోనే. ఆ గది కట్టింది మనమే.

కట్టేటప్పుడు లెక్కలు వేయలేదా అంటే, వేశాం. వాస్తు చూశాం, అడుగుకి ఎంతవుతుందో మేస్త్రీతో బేరమాడాం, మేడ మీద రెండు పోర్షన్లు లేపితే అద్దె ఎంతొస్తుందో రాసుకున్నాం. ఈ ఇంట్లోకి వేడి ఎంత దిగుతుంది అన్నది మాత్రం ఎవరమూ అడగలేదు. చలి లెక్క ఈ ఊళ్లో అక్కర్లేదు, డిసెంబరులోనూ ఒక దుప్పటి చాలు. వేయాల్సింది ఒక్క వేడి లెక్కే. అదే వదిలేశాం.

తర్వాత దాన్ని ఏసీ అమ్మేవాడికి అప్పజెప్పాం. గది పదికి పన్నెండు అన్నాం, ఒక టన్ను చాలన్నాడు. పై అంతస్తా, పడమటి గోడకి నీడ ఉందా అని అతను అడగలేదు. మనమూ చెప్పలేదు. అతన్ని అని లాభం లేదు, ఇల్లు మనది. ఒక టన్ను అంటే సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోడే శక్తి. ఆ గది పైకప్పు 11 చదరపు మీటర్లు. పైన ఏమీ వేయని కాంక్రీటు మిద్దె, ఒక్కో డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి దాదాపు 3.5 వాట్లు లోపలికి వదులుతుంది. మధ్యాహ్నానికి మిద్దె 60 డిగ్రీలకు కాగి, లోపల మనకు 26 కావాలంటే, 1,300 వాట్లు నెత్తి మీద నుంచే దిగుతున్నట్టు. ఏసీ బలంలో మూడో వంతుకు పైగా మిద్దెకే సరి. 2018లో ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, పైకప్పుకి పెట్టిన హద్దు 3.5 కాదు, 1.2 వాట్లు. ఆ లెక్కన ఇదే గదిలోకి 450 వాట్లే దిగేవి. ఉత్త గుణకారం ఇది. మన ఇళ్లలోనే ఇంజనీర్లున్నారు. ఎవరూ వేయలేదు. వేసినా పైకి అనలేదేమో, అంటే ఖర్చు పెరుగుతుందని.

పాతవాళ్లకు వాట్లు తెలియవు. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పోసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ, కూలీలు వరసగా కూర్చుని రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు. మద్రాసు టెర్రస్ అంటే అదే. నేతపనివాళ్ల ఇంట్లో గుంత మగ్గం ఉన్న గది నేల చెమ్మగా, చల్లగా ఉండాలి, లేకపోతే పోగు తెగుతుంది. మనిషి కోసం కాకపోయినా నూలు కోసమైనా ఆ గది చల్లగా ఉండేది. ఆ ఇళ్లన్నీ గొప్పవని అనను. చీకటి, చెదలు, వానొస్తే కారడం. పడగొట్టడానికి కారణాలున్నాయి. కానీ చీకటిని వదిలించుకుంటూ చల్లదనాన్నీ వదిలించుకున్నాం. దొంగల భయమని ఇంటి నడుమ ఆకాశం కనిపించే తొట్టిని స్లాబుతో మూసేశాం. కారు నిలపాలని వాకిట్లో వేపచెట్టు కొట్టించాం. పక్కింటివాళ్లు మన కిటికీకి అడ్డంగా గోడ లేపుతుంటే నోరెత్తలేదు, వాళ్ల కిటికీకి మనం అంతకుముందే అడ్డం లేపాం గనక. ఇప్పుడు మన ఏసీ వేడి వాళ్ల సందులోకి, వాళ్లది మన సందులోకి.

అన్నిటికన్నా చెప్పుకోలేనిది మేడ మీద అద్దెకున్నవాళ్ల సంగతి. ఎండ నేరుగా పడే భాగాన్ని ఏసీ కొనలేనివాళ్లకి ఇచ్చాం. సాయంత్రం వాళ్లు మిద్దె మీద నీళ్లు చల్లుకుంటే, మోటారు ఇన్నిసార్లు వేయాల్సొస్తోందని గొణిగేదీ మనమే. మిద్దెకి తెల్లగా సున్నం కొట్టిస్తే గదిలో కొన్ని డిగ్రీలైనా తగ్గుతుంది, పెద్ద ఖర్చూ కాదు. ఆ మాట ఇంట్లో అనుకోకపోలేదు. అనుకున్న ప్రతిసారీ ముందు వచ్చే ప్రశ్న, సున్నం కొట్టిస్తే అద్దె ఎంత పెంచొచ్చు అని.