పాలస్తీనా యువజనులు — స్వతంత్ర వ్యాపారము

1988వ సంవత్సరమున బెత్లెహేము చెంతనున్న బైత్ సాహూరు పట్టణవాసులు పదునెనిమిది యావులను కొనితెచ్చుకొనిరి. ఇజ్రాయేలు సరకును మాని తమ బిడ్డలకు తమ పాలనే పోయవలయునని వారి సంకల్పము. సైనికాధికారులు ఆ యావులు రాజ్యభద్రతకు ముప్పని తలంచి వెదకనారంభింపగా ప్రజలు వానిని దాచి, రహస్యముగ పాలు పంచుకొనిరి. మఱుసటి యేట ఆ పట్టణమే పన్నులు నిరాకరించి, దుకాణములు జప్తగుచున్నను చలింపక నిలిచెను. స్వదేశోద్యమమును, పన్నుల నిరాకరణమును ఎఱిగిన మన కీ కథ క్రొత్తది గాదు. పరాధీనజాతికి పాడియావు సైతము రాజకీయమే.

నేడు పాలస్తీనా యువకులచే సొంత వ్యాపారములు పెట్టించుటకు పలు దేశములు, ధర్మసంస్థలు ముందునకు వచ్చుచున్నవి. ఉద్దేశము మంచిదే. కాని యే రీతి సాయము వారిని నిలబెట్టును, ఏ రీతి సాయము పత్రికలలో ఛాయాచిత్రముగ మాత్రమే మిగులును అను విచారణ యవసరము.

ముప్పది యేండ్లలోపువారు సగమునకు మించియున్న ఆ జాతికి తెలివికిగాని సాహసమునకుగాని కొదువ లేదు. 2014 నాటి యుద్ధానంతరము గాజాలోనికి సిమెంటు రాకపై కఠిన నిర్బంధము లుండగా, మజ్ద్ మషరావీ యను యువతి బూడిదను, శిథిలముల చూర్ణమును గలిపి యిటుకలు చేయు పద్ధతిని కనుగొని వ్యాపారము స్థాపించెను. పిమ్మట సూర్యశక్తితో విద్యుత్తు నిచ్చు పరికరములను ఇండ్లకు చేర్చెను. 2011లో వెలసిన ‘గాజా స్కై గీక్స్’ సంస్థ యెందఱో యువకులకు కంప్యూటరు విద్య నేర్పి, విదేశముల పనిని వారి వ్రేళ్లయొద్దకు దెచ్చినది. అప్పటికే గాజాలో పనిచేయగలవారిలో రమారమి నూటికి 45 మంది నిరుద్యోగులు. 2023 అక్టోబరు 7 నాటి హమాసు దాడిలో అమాయకుల ప్రాణములు గొనుట ఖండనార్హము. తదనంతర యుద్ధములో గాజా బడులను, విపణులను, కర్మాగారములను నేలమట్టము చేయుటయు నట్టిదే. పశ్చిమతీరమునుండి ఇజ్రాయేలులో కూలికి బోవుచుండిన సుమారు లక్షన్నర మందిలో పెక్కురకు అనుమతులు రద్దయినవి. పరుల కొలువు ఒక్క ఉత్తరువుతో పోవునని తెలిసిన యువకునకు సొంత వ్యాపారము విలాసము గాదు, జీవనాధారము.

అయిన నా వ్యాపారమునకు దారి యేది? 1994 నాటి పారిస్ ఒప్పందమువలన పాలస్తీనాకు స్వంత నాణెము లేదు. దిగుమతి సుంకములను ఇజ్రాయేలే వసూలుచేసి పంపవలయును. ఆ సొమ్మును పలుమాఱులు నిలిపివేసినది. పశ్చిమతీరములో నూటికి అఱువది వంతుల భూమి, ‘సి’ ప్రాంతమను పేర, ఇజ్రాయేలు అధికారములో నున్నది. అచ్చటి నిర్బంధములవలన పాలస్తీనాకు ఏటేట సుమారు 340 కోట్ల డాలర్ల నష్టమని ప్రపంచబ్యాంకు 2013లో లెక్కగట్టినది. పశ్చిమతీరమునకు మూడవ తరము చరవాణి సేవ 2018 వఱకు దక్కలేదు. చేసిన పనికి సొమ్ము పుచ్చుకొనుటకు తమకును పేపాల్ సేవ కావలయునని అచ్చటి సాంకేతిక సంస్థలు 2016లో బహిరంగలేఖ వ్రాయవలసి వచ్చెను. విత్తనము మంచిదయ్యు మడికి నీరు పాఱనీయనిచో రైతును నిందింప న్యాయమా?

ఇక నొక యాక్షేపణ గలదు. వ్యాపారముపేర స్వాతంత్ర్యమును మఱపింపజూచుచున్నారని పాలస్తీనీయులలో పలువురి యనుమానము. ఇది నిరాధారము గాదు. 2019లో బహ్రెయిన్‌లోని మనామాలో, పొరుగుదేశములకుగూడ గలిపి 5,000 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రణాళికను ప్రకటించిరి. రాజకీయ హక్కుల మాట యందు లేనందున పాలస్తీనా నాయకు లాసభను బహిష్కరించిరి. వారు చేసినది సరియే. స్వాతంత్ర్యమునకు ధర గట్టరాదు. అట్లని, స్వాతంత్ర్యము వచ్చువఱకు వ్యాపారము వలదనుటయు మాకు సమ్మతము గాదు. మన పెద్దలు 1905లో స్వదేశి దీక్షబూనినపుడు స్వరాజ్యము వచ్చినపిదప మగ్గము పట్టుదమని కూర్చుండలేదు. తన కాళ్లపై నిలిచినవాడే తన హక్కును గట్టిగా నడుగగలడు. బైత్ సాహూరు ఆవుల యర్థ మిదియే.

కావున సాయపడగోరువారికి మేము మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది: అప్పు నీయకుడు, భాగస్వామ్యముగనో దానముగనో మూలధన మొసగుడు. అన్యదేశపు వర్తకుడు బేరము తప్పునని మాత్రమే భయపడును. గాజా వర్తకునకు బాంబు భయము, హెబ్రోను వర్తకునకు దారి మూయుదురను భయము. దుకాణము కూలినపిదపయు అప్పు నిలిచియుండుట క్రూరము. రెండవది: శిక్షణ పత్రములు పంచుటతో తృప్తిపడక, పని నిండు, సరకు కొనుడు. 1961లో హెబ్రోనులో స్థాపితమైన హిర్బావీ కర్మాగారము చౌక దిగుమతుల పోటీలోను తలగుడ్డలు నేయుట మానలేదంటే, కొనువారుండుటవలననే. మూడవది: దారులు తెఱువుమని యడుగుట మానకుడు. అది లేనిది తక్కిన రెండును ఇసుకపై కట్టడములే.

1988లోనే పాలస్తీనాను గుర్తించిన మన దేశము, 1 కోటి 20 లక్షల డాలర్ల సాయముతో రామల్లా చెంత బీర్‌జైత్‌లో సాంకేతిక కేంద్రమునకు తోడ్పడినది. భవనము చాలదు, అందు కూర్చున్నవారికి పని కావలయును. హైదరాబాదు, బెంగుళూరు సంస్థలు తమ పనిలో నించుక భాగ మా యువకులకు పంపినను, అది దానము గాదు, న్యాయమైన బేరము. చేయిచాచినవానికి భిక్షమిడుట సులభము. పనివానికి తగిన వెల నిచ్చుట గౌరవము. పాలస్తీనా యువకుడు కోరునది ఈ రెండవదియే.