మెప్పు వేరు, మేలు వేరు

నేడు చేతిలో సెల్‌ఫోను గలవారెల్లరును ఛాయాచిత్రములు తీయుచున్నారు. తీసినదానిని పదిమందికి చూపుచున్నారు. చూచినవారు “బాగున్నది” యని ఊరకుందురు. ఈ మెప్పువలన నేర్చువారి విద్య వెండ్రుకవాసియైనను పెరుగునా యని మేమడుగుచున్నాము.

వెలుతురు వెనుకనుండుటచే ముఖము నల్లబడినది; వెనుకనున్న స్తంభము తలపై కొమ్మువలె మొలచినది; రెండడుగులు ప్రక్కకు జరిగి తీయవలసినది. ఇట్లు చెప్పినవాడే మేలుచేసినవాడు. మెచ్చువాడును దేనిని మెచ్చుచున్నాడో చెప్పవలయును. మొగమాటమునకు పలికినది మెప్పు కాదు, వంచన.

నేర్చువారి మనసు నొప్పింపరాదని కొందరందురు. నొప్పించునది పటమును గూర్చిన మాట కాదు, మనిషిని గూర్చిన మాట. 1856లో కలకత్తాలోను చెన్నపురిలోను ఛాయాచిత్ర సంఘములేర్పడెను. బెంగాలు సంఘమునకు రాజేంద్రలాల్ మిత్రా కోశాధికారి. నీలిమందు తోటల దొరలను సభాముఖమున విమర్శించినందులకు 1857లో ఆ సంఘమాయనను వెడలగొట్టెను. ఆ మాటకును ఛాయాచిత్ర విద్యకును సంబంధమేమి? నేడును పటము చూడకమున్నే, తీసినది ఆడుదా, మగవాడా, ఏ కులము, కెమెరా వెల యెంత యని విచారించువారు గలరు. వారి తీర్పునుండి నేర్వదగినదేమియు లేదు.

కావున గృహస్థులారా! మీ కూతురో కోడలో తాను తీసిన పటము తెచ్చి చూపినపుడు ఒక్క మాటతో పంపివేయకుడు. కంటికి ముందుగా తగిలినదేదో, అడ్డువచ్చినదేదో విడమరచి చెప్పుడు. ఆమె చెప్పు కారణమును వినుడు. మరునాడు ఆమె అదే పటమును మరల తీయును. విద్య అక్కడనే పెరుగును.