పాయింట్లు ఎవరివి?



2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మన సిరోంచకు అవతలి ఒడ్డునే కాళేశ్వరం ఉన్నా, రాజమండ్రి కూడా పోదామని కొందరు అంటున్నారు. పోదాం. కానీ సంఘం డబ్బుతో ఒక్కరి పేరు మీద గదులు తీసుకుంటే, హోటల్ పాయింట్లు ఆయన ఖాతాలోనే పడతాయి. అందుకే ముందే రాస్తున్నాను.

మారియట్, హిల్టన్ లాంటి పెద్ద కంపెనీల పద్ధతి ఇది. గది అద్దెకు పాయింట్లు ఉంటాయి. భోజనం గది బిల్లులో కలిపితే చాలాచోట్ల దానికీ ఉంటాయి. జీఎస్టీకి ఉండవు. మేక్‌మైట్రిప్ లాంటి యాప్‌లో బుక్ చేస్తే అద్దెకు కూడా మామూలుగా రావు. మెంబరు తాను దిగి, డబ్బు తానే కట్టినా మూడు గదుల వరకే లెక్క.

ఇక పన్ను చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు గదికి 5 శాతం, దాటితే 18 శాతం. పాయింట్ల ఆశతో ఖరీదైన గది తీసుకుంటే అద్దె పెరుగుతుంది, పన్నూ పెరుగుతుంది. పోయేది అందరి చందా, మిగిలేది ఒక్కరి ఖాతా.

రైల్వేలో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి, నా మాట ఇంతే: మొత్తం బిల్లు చూసి హోటల్ ఎంచుకోండి. పాయింట్లు వస్తే లెక్కల పుస్తకంలో రాయండి, వాటితో వచ్చే గది సంఘం పనికే వాడండి. ఈ సంగతి వచ్చే మీటింగులోనే తీర్మానం చేసుకుందాం.