గుండె కుదుటపడింది, మరి ఈ మరపు?

వత్సవాయి, పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నుంచి గుండె చికిత్స కోసం విజయవాడకో, ఖమ్మానికో, హైదరాబాదుకో వెళ్ళి రావడం నేడు కొత్త విషయం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత ఖరీదైన గుండె శస్త్రచికిత్సలు పేద కుటుంబాలకు సైతం అందుబాటులోకి వచ్చాయి. పెద్దలు క్షేమంగా ఇల్లు చేరినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకుంటాం. అయితే గాయం మానిన కొన్నాళ్ళకు కొన్ని ఇళ్ళలో ఒక మాట వినబడుతుంది: "అబ్బాజాన్ గుండె బాగైంది గానీ, మనిషి మునుపటిలా లేరు."

నమాజులో రకాతుల లెక్క పదే పదే తప్పడం, మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండకపోవడం, డబ్బు లెక్కలో తడబడటం. వీటిని వయసు మీద వేసి ఊరుకుంటాం, లేదా విసుక్కుంటాం. రెండూ తగవు.

గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని నుంచే మెదడుకు రక్తం వెళుతుంది. వయసుతోపాటు ఆ నాళపు గోడలలో కొవ్వు, సున్నం పేరుకుంటాయి. చికిత్సలో సన్నని గొట్టం లోపలికి వెళ్ళినప్పుడు, బైపాస్‌లో ధమనిని బిగించినప్పుడు, గట్టిపడిన కవాటం స్థానంలో కొత్తది అమర్చినప్పుడు సూక్ష్మమైన తునకలు, రక్తపు గడ్డలు, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడులోని సన్నని నాళాన్ని మూసివేయవచ్చు. అక్కడి కొద్దిపాటి కణజాలం చచ్చిపోతుంది. చెయ్యి పడిపోదు, మూతి వంకరపోదు, మాట పోదు. ఎంఆర్ఐలో మాత్రమే కనబడుతుంది. అందుకే వైద్యులు దీన్ని సైలెంట్ స్ట్రోక్ అంటారు.

ఛాతీ తెరవకుండా గొట్టం ద్వారా కవాటం అమర్చే పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే తొలిసారి ఒక రోగికి చేశారు. ఈ చికిత్స పొందినవారిలో సగానికి మించి ఇటువంటి కొత్త మచ్చలు ఎంఆర్ఐలో కనబడుతున్నట్లు పరిశోధనలు చెబుతున్నాయి. యాంజియోగ్రామ్, స్టెంట్ తర్వాత అవి అంతకంటే తక్కువ మందిలో కనబడతాయి. తునకలను పట్టే జల్లెడ వంటి సాధనాలు వచ్చాయి. కానీ 2022లో వెలువడిన, 3,000 మందిపై జరిగిన పరీక్షలో వాటివల్ల పక్షవాతం స్పష్టంగా తగ్గినట్లు తేలలేదు.

అలాగని చికిత్స మానుకోవడం వివేకం కాదు. అవసరమైన గుండె చికిత్స వాయిదా వేస్తే ముప్పు ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చాలామందికి ఆ మచ్చల వల్ల పైకి తెలిసే ఇబ్బంది ఉండదు. అయితే మచ్చలు పెరిగితే జ్ఞాపకశక్తి సన్నగిల్లవచ్చు. సాధారణ వృద్ధులపై నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో, ఇటువంటి మచ్చలున్నవారికి మతిమరుపు వ్యాధి ముప్పు రెట్టింపుకు మించి ఉన్నట్లు తేలింది.

కనుక కుటుంబం చేయవలసినది ఉంది. మార్పు ఎప్పటి నుంచి కనబడుతోందో రాసిపెట్టి వైద్యునికి చెప్పాలి. నిద్రలేమి, దిగులు, థైరాయిడ్, బి12 లోపం కూడా మరపుకు కారణం కావచ్చు, వాటికి చికిత్స ఉంది. బీపీ, షుగర్ అదుపులో ఉంచాలి. పొగాకు మానాలి. రక్తం పల్చబరిచే మాత్రలు సొంతంగా ఆపకూడదు. లోహపు కవాటం ఉన్నవారు దూరమని ఐఎన్ఆర్ పరీక్ష తప్పించుకోరాదు. రమజాన్ రాకముందే మాత్రల వేళల గురించి వైద్యుణ్ణి అడగాలి. ఉపవాసం వల్ల హాని ఉంటుందంటే, వ్యాధిగ్రస్తునికి ధర్మం ఇచ్చిన సడలింపును సంతోషంగా స్వీకరించాలి. హఠాత్తుగా మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

అన్నింటికన్నా ముందు, రకాతులు మరచిన తండ్రిని పిల్లల ముందు నవ్వులపాలు చేయకూడదు. ఆయన పక్కన నిలబడి నమాజు చేయండి, మాత్రల డబ్బా మీ చేతిలోకి తీసుకోండి. తల్లిదండ్రుల పట్ల మనకున్న బాధ్యత వారి గుండెతోనే ఆగిపోదు.