కుంచె నడక తెలిసిన అక్షరం

దక్షిణ ఫ్రాన్సులో వీచే చలిగాలిని మిస్త్రాల్ అంటారు. 1953లో మార్సెయ్ నగరంలోని ఫాండెరీ ఒలివ్ అనే అక్షరాల పోతశాల విడుదల చేసిన ఒక టైపుకు ఆ పేరే పెట్టారు. రూపకర్త రోజే ఎక్స్‌కొఫాన్. తీరిగ్గా దిద్దినట్టు కాక, చకచకా రాసుకుపోయినట్టుండే తన చేతిరాతనే ఆయన సీసంలోకి దించాడు. చెప్పినంత తేలికైన పని కాదది. సీసపు అచ్చులో ప్రతి అక్షరమూ ఓ విడి దిమ్మె. చేతిరాతలోనేమో ఇంగ్లిష్, ఫ్రెంచి అక్షరాలు గొలుసుకట్టుగా సాగాలి. అందుకని చిన్నబడి అక్షరాల్లో ఒకదాని తోక ఏ ఎత్తులో ముగుస్తుందో, పక్కది అక్కడే మొదలయ్యేలా చూశాడు. ఏది ఏ పక్కన నిలిచినా గీత తెగదు. ఆ టైపు అరవై ఏళ్లకు చేరువవుతున్నప్పుడు, 2011లో, ‘డ్రైవ్’ సినిమా పేర్లు గులాబీ రంగులో తెర మీదికి వచ్చింది ఆ అక్షరాల్లోనే.

ఇలా కుంచెతో రాసినట్టుండే అక్షరాలు నాలుగు మాటల్లో నిండుగా పలుకుతాయి. కొట్టు బోర్డు, పుస్తకం అట్ట, పచ్చడి సీసా, శుభలేఖలో వధూవరుల పేర్లు... అవీ వాటికి తగిన చోట్లు. పేజీ అంతా నింపితే కళ్లు అలసిపోతాయి. మందు ఎంత వేసుకోవాలో చెప్పే చీటీ మీద అసలు వాడకూడదు.

ఈనాటి మన అచ్చు అక్షరాలు గొలుసుకట్టువి కావు. కాబట్టి తెలుగులో కుంచె చలాకీతనమంతా తలకట్టు విసురులో, కొమ్ము వంపులో, ఒత్తు ఒదిగే తీరులో కనబడాలి. చిత్రకారుడు బాపుగారి అక్షరాల్లో అది పుష్కలంగా ఉంది. ఆయన రాత ఫాంటుగా మారి ఇంటింటి శుభలేఖల్లోకి చేరింది. సంతోషమే. కానీ తెలుగులో కుంచె రాత అనగానే ఆ ఒక్క చేయే గుర్తుకు రావడం మాత్రం లోటు. బోర్డులు రాసి బతికిన ఎందరో పెయింటర్ల చేతిరాత ఇంకా ఏ ఫాంటులోకీ ఎక్కలేదు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతులు చాలావరకు ఖాళీ అయ్యాయి.

మరో చిక్కు ఉంది. ‘అమ్మమ్మ’ అని చేత్తో రాస్తే రెండు ‘మ్మ’లు ఒకేలా రావు. ఫాంటులో అచ్చుగుద్దినట్టు వస్తాయి. కుంచె భ్రమ అక్కడే చెదిరిపోతుంది. ఒక అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, సందర్భాన్ని బట్టి మార్చే వీలు నేటి ఫాంట్లలో ఉంది. అయితే గుణింతాలు, ఒత్తులతో మనకు మామూలుగానే వందల రూపాలు కావాలి. ఒక్కోదానికి మారురూపాలంటే నెలల తరబడి శ్రమ. ఆ శ్రమకు కూలి గిట్టుబాటు కాకపోతే ఎవరు గీస్తారు?

ప్రచురణకర్తలూ, సినిమావాళ్లూ, శుభలేఖలు అచ్చువేసేవాళ్లూ ఫాంటును ఉచితంగా దొరికే సరుకుగా చూడడం మానాలి. వెల పెట్టినదైతే కొని వాడండి. పుస్తకంలో ముఖచిత్రకారుడి పేరు పక్కన, అక్షరాలు గీసినవారి పేరు కూడా వేయండి.