బండి పాడయిందా మాస్టారూ?

ఈ ప్రశ్న నాకు వారానికి రెండుసార్లయినా ఎదురవుతుంది. ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్లో రద్దీకి ఆగి ఉంటాను. పక్కనే మోటారుసైకిలు మీద పరిచయస్థుడెవరో ఆగుతాడు. నా సైకిలు వంకా నా వంకా మార్చి మార్చి చూసి, గొంతులో జాలి నింపుకుని అడుగుతాడు: "బండి పాడయిందా మాస్టారూ?" లేదండీ, ఇదే నా బండి అంటాను. "అయితే ఆరోగ్యం కోసమన్నమాట" అంటాడు. అదీ కాదంటే ఇక మిగిలిన కారణం ఒక్కటే. దాన్ని మర్యాదస్థుడు పైకి అడగడు.

అంటే మన సంఘంలో పెద్దమనిషి సైకిలు తొక్కడానికి మూడే కారణాలు చెల్లుతాయి: బండి చెడిపోవడం, ఒళ్ళు చెడిపోవడం, రోజులు చెడిపోవడం. అదొక వాహనమనీ, దానిమీద మనిషి పనికి వెళ్ళవచ్చుననీ ఎవరికీ తట్టదు. నా తగాదా అంతా ఇక్కడే.

నేను సైకిలు నేర్చుకున్నది తాడేపల్లిగూడెంలో, రెండో ప్రపంచయుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద. గంటకింతని అద్దె సైకిలు, బారు కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు, మోకాలి చిప్పల మీద రక్తం. అప్పటినుంచి ఇప్పటివరకు ఈ నేలను చక్రం మీదనుంచే చూస్తున్నాను. కాలువ వంతెనలు ఎక్కేటప్పుడు తప్ప ఏలూరులో ఎత్తన్నది ఎరుగము. సైకిలు కోసమే పరిచినట్టున్న డెల్టా భూమి ఇది. ఇటువంటి చోట సైకిలుకు దారి లేదంటే, ఆ నేరం నేలది కాదు, మనది.

ఊరికి హోదాలు పెరుగుతూ వచ్చాయి. 2005లో నగరపాలక సంస్థ అయింది. 2022లో ఊరి పేరే జిల్లాకు పెట్టారు. హోదా పెరిగినప్పుడల్లా రోడ్డు మీద మా స్థానం ఒక అడుగు అంచుకు జరిగింది. ఇప్పుడు ఆ అంచులో ఏమున్నాయో చూడండి: నిలిపి ఉంచిన కార్లు, పళ్ళబళ్ళు, ఇసుకకుప్పలు, మూతలేని మురుగుకాలువ. వీటిని తప్పించుకుని రెండు గజాలు లోపలికి వస్తే వెనకనుంచి హారను. ఆ హారనుకు అర్థం "వస్తున్నాను" అని కాదు, "దిగు" అని.

ఆ మధ్య ఒక కార్యాలయానికి పనిమీద వెళ్ళాను. స్టాండులో సైకిలు పెట్టబోతే కాపలా మనిషి పరుగున వచ్చాడు. "సైకిళ్ళకు చోటు లేదండీ, గేటు బయట పెట్టుకోండి." స్టాండు సగం ఖాళీగానే ఉంది. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నాను. "సైకిలేగా!" అన్నాడు నవ్వుతూ. అతని తప్పు లేదు. మొత్తం నగరం మనసులో ఉన్న మాటే అతడు పైకి అన్నాడు. సాయంత్రం డ్యూటీ దిగి అతడు ఇంటికి వెళ్ళింది కూడా సైకిలు మీదనే!

"కాలం మారింది, ఇప్పుడు సైకిళ్ళెవరికున్నాయి?" అంటారు. 2011 జనాభా లెక్కలు తీసి చూడండి. దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిలుంది. స్కూటరో మోటారుసైకిలో ఉన్న ఇళ్ళు నూటికి 21. కారున్నవి అయిదుకు లోపు. ఆ తరువాత మోటారు బళ్ళు బాగా పెరిగాయి, కాదనను. కాని నలభై అయిదుగురిని అంచుకు నెట్టి అయిదుగురి కోసం రోడ్లు వెడల్పు చేయడం అప్పుడే మొదలయింది కదా! 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం, కదలవలసినది వాహనాలు కాదు, మనుషులు అని స్పష్టంగా చెప్పింది. కాగితం మీద మనకెప్పుడూ లోటు లేదు.

"సైకిళ్ళవాళ్ళు నియమాలు పాటించరు" అనేది రెండో అభియోగం. నిజమే. ఎదురుదారిన వస్తారు, చీకట్లో దీపం ఉండదు. నేనూ ఒకటి రెండుసార్లు దోషినే. కాని తప్పు చేసిన సైకిలు తన మోకాలు పగలగొట్టుకుంటుంది. తప్పు చేసిన లారీ ఇతరుల ఇంట దీపం ఆర్పుతుంది. రెండు తప్పులనూ ఒకే త్రాసులో తూచడం న్యాయమేనా?

గూడబాతులను చూద్దామని ఒకనాటి వేకువన కైకలూరు దారిన ఆటపాక బయలుదేరాను. చేపల చెరువుల మీద పనికి పోయే కూలీలు హ్యాండిలుకు క్యారేజీలు తగిలించుకుని బారుగా వెళ్తున్నారు. వెనకనుంచి ఐసు నీళ్ళు కార్చుకుంటూ చేపల లారీ వచ్చింది. ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు లేదు. అందరూ ఒకేసారి తారు దిగి మట్టిలోకి వెళ్ళారు, లారీ పోయాక మళ్ళీ ఎక్కారు. అలవాటయిపోయిన ఆ దిగడమే నన్ను బాధించింది. కొల్లేటి పక్షులకు 1999లో అభయారణ్యం ప్రకటించారు. సరస్సును ఆక్రమించాయని 2006లో చెరువుల గట్లు తెగగొట్టారు. మంచిదే. మరి ఈ మనుషులకు రోడ్డంచున మూడడుగుల అభయం ఎవరిస్తారు? ఆ మూడడుగుల ఆక్రమణను ఎవరు తెగగొడతారు?

హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. పైన సౌరఫలకాల కప్పు కూడా ఉంది. సంతోషం. కాని అక్కడిదాకా సైకిలును కారుకు కట్టుకుని వెళ్ళగలిగినవారి సరదా వేరు, మా అవసరం వేరు. మాకు కప్పు వద్దు. కాలువగట్ల మీద నీడనిచ్చే చెట్లు, నిలకడైన బాట చాలు. మురుగుకాలువలకు మూతలు, ప్రతి కార్యాలయంలో పది సైకిళ్ళకు చోటు, ఊరిలోపల లారీలకు వేగం మీద అదుపు. వీటిలో కోట్లు అడిగేది ఏదీ లేదు.

ఎన్నికలు వస్తే మన గోడల నిండా సైకిలు బొమ్మే కనబడుతుంది. ఇది ఏ పక్షాన్నీ ఉద్దేశించి అనడం లేదు. గుర్తుగా దానికున్న గౌరవంలో పదో వంతు వాహనంగా దక్కితే చాలునంటున్నాను.

ఈసారి ఫైర్ స్టేషన్ సెంటర్లో ఎవరైనా అడిగితే చెప్పవలసిన జవాబు సిద్ధం చేసుకున్నాను. బండి నిక్షేపంగా ఉందండీ, పాడయింది దారి.