ఇబ్రహీంపట్నము బోరునీరు, పట్టపరీక్షల పాఠము

చరకసంహితలోని విమానస్థానమున జనపదోద్ధ్వంసన మను నధ్యాయ మొకటి కలదు. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును చెడినప్పుడు, వేరువేరు ప్రకృతులుగల మనుష్యులు సయితము ఒక్కమారే రోగగ్రస్తు లగుదురని అందు చెప్పబడినది. నేడు మన విశ్వవిద్యాలయములు పర్యావరణము, ఆరోగ్యము అను పేర పట్టపరీక్షల విద్యార్థులకు బోధించుచున్న దీ విషయమునే. నిజముగా బోధించుచున్నవా యన్నదే మా సందేహము.

పర్యావరణ విద్యను కళాశాలలలో నిర్బంధము చేయు విషయమై సుప్రీముకోర్టు 1991 నవంబరు 22వ తేదీననే తీర్పు చెప్పినది. పండ్రెండేండ్లకు, 2003లో, న్యాయస్థానము మరల కలుగజేసికొనవలసి వచ్చెను. అటుపిమ్మట యు.జి.సి. వారు సిద్ధపరచిన ఆరునెలల పాఠక్రమమున నూటికి 25 మార్కులు క్షేత్రపరిశీలనమునకే యుంచిరి. విద్యార్థి తన చేరువనున్న చెరువునో, కలుషిత స్థలమునో కన్నులార చూచి వ్రాయవలెను. ఏర్పాటు చక్కనిదే, కాని ఒకడు వ్రాసిన పుస్తకమును పదుగురు దింపుకొనుట మన మెరుగని విద్య కాదు.

ఇబ్రహీంపట్నమునే చూడుడు. హైదరాబాదునకు 30 కిలోమీటర్ల దూరమున, నాగార్జునసాగరమునకు బోవు బాటపై నున్నది. చుట్టును ఇంజనీరింగు కళాశాలలు. వేలకొలది యువకులు ప్రతిదినము బస్సులలో వచ్చి పోవుచున్నారు. 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా నాటి పెద్దచెరువు వారి కంటి యెదుటనే యున్నది. ఆ చెరువు ఏండ్లతరబడి ఎండియుండగా రైతులు బోరుల పాలైరి. పాఠ్యపుస్తకము చెప్పదలచిన కథ యంతయు ఇచ్చటనే యున్నది గదా!

బోరు లోతునకు దిగినకొలది నీరు రాతితో చిరకాలము కలిసియుండును. గ్రానైటు రాతిలోని ఫ్లోరైడు మెల్లగా నీట కరగును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచిని బట్టి పోల్చుటకును వీలులేదు. కాచినచో తొలగదు సరికదా, నీరిగిరి మిగిలినదానిలో మరింత చిక్కబడును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లలకు గారపండ్లు వచ్చును. మోతాదు ఇంకను హెచ్చినచో పెద్దల కీళ్లు బిగిసి, నడుములు వంగును. పొరుగుననున్న నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల గ్రామములు అనుభవించిన దిదియే. ఇబ్రహీంపట్నము క్రింది రాయియు గ్రానైటు జాతిదే.

ఈ వ్యాధిని మన దేశమున మొదట కనిపెట్టినవారు రైతులని చెప్పుదురు. 1930 తరువాతి యేండ్లలో ఎడ్లు కీళ్లు బిగిసి నాగలి లాగలేకపోవుటను వారు గమనించిరి. 1937లో నాటి నెల్లూరు జిల్లా రోగులను గూర్చి వైద్యులు ప్రకటించిన వ్యాసము ఆ తరువాతిది. ఎద్దు నడకను చూచి నీటిని శంకించిన ఆ రైతు ఏ పట్టము పుచ్చుకొనెను? పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరు పరిశోధనశాలవారు కనిపెట్టి దానికి నల్లగొండ పేరు పెట్టినారు. ఆ పేరు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొను విద్యార్థి, ఆ జిల్లా తన కళాశాలకు పొరుగుననే యున్నదని తలచుచున్నాడా?

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వలన నదీజలము ఇండ్లకు వచ్చుచున్నది, మేము కాదనము. కాని ఆ కొళాయి ఊరిలోనిది. మిట్టమధ్యాహ్నము నారుమడిలోని కూలి త్రాగునది మోటారు గది యొద్ద బోరునీరే.

కావున ఆ 25 మార్కులను ఈ బోరుల చెంత సంపాదింపవలెనని మా కోరిక. విద్యార్థులు వేసవిలో నొకమారు, వానలు వెలిసిన పిదప నొకమారు గ్రామగ్రామము నీటిని సీసాలకెత్తి, కళాశాల ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితమును తెలుగున పంచాయతీ గోడపై వ్రాయవలెను. దీనికి కోట్లు అక్కరలేదు. భూస్వాములకు మాత్రము ఒక శంక కలుగవచ్చును: నీరు చెడ్డదని గోడకెక్కినచో భూమి ధర పడిపోదా యని. పడిపోవచ్చును. కాని పరీక్షింపని మాత్రమున ఆ నీరు మంచిదగునా? ఆ బోరునే కూలివాని బిడ్డయు, భూస్వామి పాలేరును, ఒక్కొక్కప్పుడు భూస్వామి మనుమడును త్రాగుచున్నారు. విద్యార్థులు సీసాలతో వచ్చిననాడు మోటారు గది తాళము తీసి పెట్టుడని మా పాఠకులను వేడుచున్నాము.